కింది గీత చూసి కొనండి
వంటింటి సామగ్రి: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

కరెంటు మీద పనిచేసే డీప్ ఫ్రయ్యర్ గురించి ఈసారి వచ్చినన్ని ఉత్తరాలు ఇంతకుముందు ఎప్పుడూ రాలేదు. పండుగల పిండివంటలను తలచుకుని అడిగినవారు కొందరు, పిల్లలు విదేశం నుంచి పంపుతామంటే సరేననాలో వద్దనాలో తేలక అడిగినవారు ఇంకొందరు. అందుకని ఈ సంచికలో శీర్షిక మొత్తాన్ని ఈ ఒక్క వస్తువుకే కేటాయిస్తున్నాను.

ప్రశ్న: మా ఇంట్లో నేను, మావారు, ఇద్దరు పిల్లలు, మా అత్తగారు ఉంటాం. ఆదివారం పూరీలో గారెలో చేస్తాను, సాయంత్రం పూట అప్పుడప్పుడు బజ్జీలు వేస్తాను. ఒక లీటరు నూనె పట్టే 900 వాట్ల ఫ్రయ్యర్, రెండున్నర లీటర్లు పట్టే 2000 వాట్ల ఫ్రయ్యర్, మిఠాయి దుకాణాలవాళ్లకు అమ్మే ఆరు లీటర్ల స్టీలు ఫ్రయ్యర్ చూశాం. ఆరు లీటర్లది రెండోదానికంటే తక్కువ ధరకే వస్తోంది. ఏది కొనమంటారు? (ఒక పాఠకురాలు, తెనాలి)

జవాబు: అమ్మా, మూడింటి ధరలూ వాట్లూ చూశారు గాని, ముందుగా చూడవలసినది ఇంకొకటి ఉంది. ఫ్రయ్యర్ గిన్నె లోపలి గోడకు రెండు గీతలు ఉంటాయి. పై గీత దాటి నూనె పోయకూడదు, కింది గీతకు తక్కువ కాకుండా పోసి తీరాలి. దుకాణంలో పై గీతను చూపించి ఇంత పడుతుందని చెబుతారు. ఇంటి లెక్క మాత్రం కింది గీత దగ్గరే తేలుతుంది, ఎందుకంటే నాలుగు బజ్జీలు వేసుకోవాలన్నా అక్కడిదాకా నూనె పోయక తప్పదు. రెండున్నర లీటర్ల యంత్రాల్లో ఈ కింది గీత సాధారణంగా రెండు లీటర్లకు అటూ ఇటూగా ఉంటుంది.

దీన్ని మన మూకుడుతో పోల్చి చూడండి. మూకుడు అడుగు గుండ్రంగా ఉంటుంది కాబట్టి అర లీటరు నూనె పోసినా నడుమ గారె తేలేటంత లోతు వస్తుంది. ఫ్రయ్యర్ అడుగు సమతలంగా ఉంటుంది, చాలా రకాల్లో వేడినిచ్చే కాయిల్ కూడా నూనెలో పూర్తిగా మునగాలి, ఆ కాయిల్ పైన మళ్లీ జాలీ బుట్ట కూర్చోవాలి. కాబట్టి వండేది ఎంత తక్కువైనా నూనె తగ్గించే వీలు లేదు.

మరి మిగిలిన నూనెను ఏం చేస్తారు? హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాలు ఈ విషయంలో స్పష్టంగా ఉన్నాయి. ఒకసారి వేపుడుకు వాడిన నూనెను వడగట్టి కూరల్లో వాడుకోవచ్చు, దానితో మళ్లీ వేపుడు చేయడం మానాలి, అలాంటి నూనెను ఒకటి రెండు రోజుల్లోనే వాడేయాలి తప్ప ఎక్కువ కాలం నిల్వ ఉంచకూడదు. ఈ మాటను మీ ఇంటికి అన్వయించి చూడండి. అయిదుగురున్న ఇంట్లో కూరలకూ పోపులకూ రోజుకు నూట యాభై గ్రాముల నూనె ఖర్చవుతుందనుకున్నా రెండు రోజుల్లో చెల్లేది మూడు వందల గ్రాములు. మూకుట్లో అర లీటరు పోసి గారెలు వేస్తే చివరికి మిగిలేది దాదాపు అంతే కాబట్టి ఆ నూనె సోమ, మంగళవారాల కూరల్లో అయిపోతుంది. ఫ్రయ్యర్‌లో రెండు లీటర్లు పోస్తే మిగిలేది ఒకటిన్నర లీటరు పైమాటే. దాన్ని పారబోయడానికి మనసొప్పదు, కూరల్లో చెల్లదు, చివరికి వచ్చే ఆదివారం మళ్లీ అదే నూనె కాగుతుంది. నేను ఈ యంత్రం కొన్న మొదటి ఏడాది సరిగ్గా ఇదే చేశాను. నాలుగో వారానికి పూరీలో పాత నూనె వాసన తెలిసింది, అయినా మరో వారం లాగాను. ఆ పొరపాటు మీరు చేయకూడదనే ఇంత వివరంగా రాస్తున్నాను.

అలా అయితే ఒక లీటరుదే మేలు కదా అంటారేమో. దాని ఇబ్బంది వేడిలో ఉంది. గారెల పిండి ఒక వాయికి నూట యాభై గ్రాములు వేశామనుకోండి. అందులోంచి ఒక యాభై గ్రాముల నీరు ఆవిరైపోవాలి, దానికి సుమారు 113 కిలోజౌళ్ల (కిలోజౌల్ అంటే వేడిని కొలిచే ప్రమాణం) వేడి కావాలి. చల్లని పిండి వేడెక్కడానికి మరో ముప్ఫై నలభై కిలోజౌళ్లు పడతాయి. 900 వాట్ల కాయిల్ నిమిషానికి ఇవ్వగలిగేది 54 కిలోజౌళ్లు మాత్రమే, అంటే ఆ వాయికి కావలసిన వేడిని సమకూర్చడానికే అది రెండున్నర నిమిషాలకు పైగా ఆగకుండా వెలగాలి. ఆలోగా నూనె చల్లబడుతుంది, గారె పైపొర బిగుసుకోదు, నూనె పీల్చుకుంటుంది. అదే పని 2000 వాట్ల కాయిల్‌కు నిమిషంపావు. చిన్న యంత్రంలో రెండేసి గారెలు వేసుకుంటే బాగానే వేగుతాయి గాని, అయిదుగురికి గారెలు అయ్యేసరికి మీ ఆదివారం గడిచిపోతుంది.

ఆరు లీటర్ల దుకాణపు రకాన్ని ఇంటికి తీసుకురావద్దు. ధర తక్కువని చాలామంది మోసపోతున్నారు. రేకు గిన్నె, లోపల కాయిల్, వేడిని అదుపు చేసే ఒక థర్మోస్టాట్, పైన వదులు మూత తప్ప అందులో ఇంకేమీ ఉండదు. బయటి గోడ కూడా చెయ్యి కాలేటంత వేడెక్కుతుంది. పైగా ఒక్కసారికి నాలుగైదు లీటర్ల నూనె పోయాలి. రోజంతా బేరం ఉన్న బండికి అది సరిపోతుంది.

మీ ఇంటి అవసరానికి నా సలహా ఇది. ఇప్పుడున్న మూకుడే వాడండి, నూనెలో ముంచి చూసే వంటింటి థర్మామీటరు ఒకటి కొనండి. ఫ్రయ్యర్ ఇచ్చే అసలైన మేలు నూనె వేడి తెలియడమే, ఆ మేలు ఈ చిన్న పరికరంతోనే దొరుకుతుంది. మీ అత్తగారికి పొయ్యి దగ్గర నిలబడటం కష్టమనో, మంట లేని వంటగది కావాలనో ఫ్రయ్యరే కొనదలిస్తే మాత్రం కింది గీత ఒకటిన్నర లీటరు లోపు ఉండి, 1500 వాట్లకు తగ్గని రకం వెతకండి. కొనేముందు ప్లగ్గు చూసుకోండి. ఆరు ఆంపియర్ల మామూలు సాకెట్టు 230 వోల్టుల దగ్గర 1380 వాట్ల వరకే మోయగలదు. దానికి మించినది పదహారు ఆంపియర్ల పవర్ ప్లగ్గుకే పెట్టాలి. ఎక్స్‌టెన్షన్ బోర్డు తగిలించి నడపడం పూర్తిగా మానండి, వేడెక్కిన బోర్డు మెల్లగా కరుగుతున్న సంగతి వాసన వచ్చేదాకా తెలియదు.

ప్రశ్న: మాది పదకొండు మంది ఉన్న ఉమ్మడి కుటుంబం. సంక్రాంతికి సకినాలు, గారెలు, అరిసెలు మా ఇంటికీ, ఆడబిడ్డల ఇళ్లకూ చేస్తాం. రెండేళ్లుగా తెలిసినవాళ్లకు ఆర్డరు మీద కూడా చేసి ఇస్తున్నాం. కాయిల్ నూనెలో మునిగి ఉండే రకం మంచిదా, గిన్నె అడుగున దాగి ఉండే రకం మంచిదా? (ఒక పాఠకురాలు, హన్మకొండ)

జవాబు: మీలాంటివారికి ఫ్రయ్యర్ నిజంగా ఉపయోగపడుతుంది. ఒకే రోజు వాయి తరువాత వాయి వేస్తారు కాబట్టి పోసిన నూనె చాలావరకు ఆ వంటల్లోనే ఇంకిపోతుంది, మధ్యమధ్య కొత్త నూనె పోస్తూనే ఉంటారు, సాయంత్రానికి మిగిలేది కొద్దిగానే ఉంటుంది. పై జవాబులో చెప్పిన నూనె చిక్కు మీకు పెద్దగా రాదు.

మునిగే కాయిల్ రకంలో ఒక సదుపాయం ఉంది. వేడెక్కిన నూనె పైకి లేస్తుంది గనుక కాయిల్‌కు పైనున్న నూనె కాగుతుంది, కాయిల్‌కు కింద ఉన్న నూనె అంత వేడెక్కదు. రాలిన నువ్వులూ పిండి నలకలూ ఆ కింది భాగానికి చేరి మాడకుండా ఉండిపోతాయి. అడుగున కాయిల్ ఉన్న రకంలో ఆ నలకలు సరిగ్గా అన్నిటికంటే వేడి చోట కూర్చుంటాయి. అక్కడే నల్లబడి, నూనెను చేదు చేసి, తరువాతి వాయికి మచ్చల్లా అంటుకుంటాయి. సకినాలకు నువ్వులు దండిగా వేస్తారు కాబట్టి మీకు మునిగే కాయిలే తగినది. అయితే కాయిల్, మీటల పెట్టె కలిసి పూర్తిగా పైకి ఊడి వచ్చేలా ఉండాలి, గిన్నె విడిగా తీసి కడుక్కునేలా ఉండాలి. ఈ రెండూ దుకాణంలోనే మీ చేతులతో ఊడదీసి, మళ్లీ బిగించి చూడండి. కాయిల్ ఊడదీస్తే స్విచ్చు పనిచేయని ఏర్పాటు మంచి రకాల్లో ఉంటుంది, అది ఉందో లేదో కూడా అడగండి.

అరిసెల దగ్గర మాత్రం ఇదే కాయిల్ ఇబ్బంది పెడుతుంది. పాకం కాస్త లేతదై అరిసె నూనెలో విచ్చుకుంటే ఆ బెల్లం కాయిల్‌కు పట్టుకుని బొగ్గవుతుంది. బూరె పగిలి పూర్ణం బయటపడినా అంతే. ఒకసారి అలా పట్టిన బెల్లాన్ని నేను రెండు రోజులు గోరువెచ్చని నీళ్లలో గుడ్డ తడిపి కాయిల్‌కు చుట్టి, నానబెట్టి, చెక్క పుల్లతో గీకి వదిలించవలసి వచ్చింది. ఇనుప పీచుతో రుద్దితే కాయిల్ పైపొర గీతలు పడుతుంది, పెట్టెలోకి నీరు దిగితే యంత్రమే పోతుంది. అందుకని సకినాలూ గారెలూ ఫ్రయ్యర్‌లో చేసుకుని, అరిసెలూ బూరెలూ మూకుటికే వదిలేయండి. అరిసెను తీయగానే చెక్కల మధ్య ఒత్తి నూనె పిండాలి గనుక ఒక మనిషి పక్కనే ఉండక తప్పదు, యంత్రం వల్ల అక్కడ కలిసొచ్చే శ్రమ కూడా తక్కువే.

గిన్నె వెడల్పు కూడా కొలవండి. గుడ్డ మీద చుట్టి ఆరబెట్టిన సకినం నూనెలో పడేటప్పుడు ఒకదానిమీద ఒకటి ఎక్కితే విరుగుతుంది. మీరు చుట్టే సకినం కొలతకు ఒక కాగితం గుండ్రంగా కత్తిరించి తీసుకెళ్లి బుట్టలో పరచి చూడండి. కనీసం నాలుగు విడివిడిగా పట్టకపోతే ఆ యంత్రం మీ పనికి చాలదు. ఆర్డర్లు తీసుకుంటున్నారు కాబట్టి ఇంకొక సంగతి కూడా తెలిసి ఉండాలి. ఆహార పదార్థాలు అమ్మేవారు వేపుడు నూనెలో మొత్తం ధ్రువ పదార్థాలు 25 శాతం దాటనీయకూడదని ఆహార భద్రతా ప్రమాణాల ప్రాధికార సంస్థ నియమం చేసింది, అది 2018 జూలై 1 నుంచి అమల్లో ఉంది. నూనె పదేపదే కాగినప్పుడు విరిగి తయారయ్యే పదార్థాలను ఆ పేరుతో కొలుస్తారు.

ప్రశ్న: మేము డాలస్ దగ్గర ఉంటున్నాం. ఇక్కడ నూనెను దానంతటదే వడగట్టి కింది డబ్బాలోకి దింపే ఫ్రయ్యర్ వాడుతున్నాం, చాలా బాగుంది. గుంటూరులో ఉన్న మా అమ్మకు అలాంటిదే ఒకటి తీసుకెళ్లాలని ఉంది. అక్కడ పనిచేస్తుందా? (ఒక పాఠకుడు, టెక్సస్)

జవాబు: తీసుకెళ్లకండి. మీ దగ్గర గోడ ప్లగ్గులో వచ్చేది 120 వోల్టులు, గుంటూరులో 230. కాయిల్‌కు అందే వోల్టేజీ దాదాపు రెట్టింపైతే అది లాగే విద్యుత్తు దాదాపు నాలుగింతలవుతుంది. 1700 వాట్లకు చేసిన కాయిల్ అక్కడ 6200 వాట్లకు పైగా లాగబోతుంది. అదృష్టం బాగుంటే ఎంసీబీ (కరెంటు ఎక్కువైతే దానంతటదే ఆపేసే స్విచ్చు) పడిపోతుంది, లేకుంటే నూనె నిండిన గిన్నెలో కాయిల్ కాలుతుంది. పిన్ను మార్చే చిన్న అడాప్టరు వోల్టేజీని మార్చదు, ఈ తేడా తెలియక చాలామంది దాన్నే నమ్ముకుంటున్నారు. ఇంత వాట్లకు సరిపడే, వోల్టేజీని తగ్గించే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ దొరుకుతుంది గాని, అది ఫ్రయ్యర్ కంటే బరువైనది. అమ్మ దాన్ని ఎక్కడ పెట్టుకుని, ఎలా జరుపుకుంటారు? ఇదే కారణం వల్ల ఇక్కడ కొన్న 2000 వాట్ల యంత్రాన్ని మీరు అమెరికా తీసుకెళ్లినా అది 550 వాట్ల లోపే ఇస్తుంది, నూనె కాగడానికి చాలాసేపు పడుతుంది, వంటకం వేయగానే చల్లబడిపోతుంది.

మీరు వాడుతున్నదానిలో ఒక మంచి ఏర్పాటును మాత్రం గమనించి అమ్మకు చెప్పండి. అమెరికాలో అమ్మే ఇంటి ఫ్రయ్యర్లకు తీగ పొట్టిగా ఉండి, అయస్కాంతంతో యంత్రానికి అతుక్కుని ఉంటుంది. ఎవరి కాలికో తగిలితే తీగ ఊడి వస్తుంది గాని నూనె గిన్నె దొర్లదు. ఇక్కడ కొనే యంత్రానికి అది ఉండకపోవచ్చు కాబట్టి తీగను గట్టు అంచు మీదుగా వేలాడనీయకుండా గోడ వైపుకు పెట్టుకోవాలి. నూనె వడగట్టే ఏర్పాటు విషయానికొస్తే, నూనె బాగా చల్లారాక పాత మల్లు గుడ్డను నాలుగు మడతలు వేసి స్టీలు గిన్నెలోకి వడగడితే అమ్మకు అంతే శుభ్రంగా దిగుతుంది.

ప్రశ్న: కొత్త ఫ్రయ్యర్‌లో మొదటిసారి మినప గారెలు వేశాను. అన్నీ జాలీ బుట్టకు అతుక్కుపోయాయి. లాగితే అడుగు భాగం బుట్టకే ఉండిపోయింది. మిరపకాయ బజ్జీలకూ అదే జరిగింది. యంత్రం లోపమా? (ఒక పాఠకురాలు, విశాఖపట్నం)

జవాబు: లోపం లేదమ్మా. ఆ బుట్టను గడ్డకట్టించి అమ్మే బంగాళాదుంప ముక్కల వంటి పొడి వస్తువుల కోసం చేశారు. తడి పిండి చల్లని తీగ మీద పడితే ఆ తీగ చుట్టూ గట్టిపడుతుంది, ఇక ఊడదు. రెండు మార్గాలు ఉన్నాయి. బుట్టను పూర్తిగా తీసేసి, పిండిని నేరుగా నూనెలో వదిలి, చిల్లుల గరిటెతో తీయడం ఒకటి. రెండోది, బుట్టను ముందే నూనెలో ముంచి, నూనెతో పాటు బాగా కాగనిచ్చి, గారెను నూనె ఉపరితలానికి దగ్గరగా చెయ్యి తెచ్చి మెల్లగా జార్చడం. బుట్ట పైకి తేల్చిపెట్టి అందులో పిండి వేసి దించడం మాత్రం ఎప్పుడూ వద్దు. గారె మునిగి అడుగు తాకేలోపు పైపొర బిగుసుకోవాలి, దానికి నూనె 175 డిగ్రీల దగ్గర ఉండాలి, పిండి కూడా జారుగా కాకుండా గట్టిగా రుబ్బినదై ఉండాలి.

నేను మొదటి పద్ధతినే పాటిస్తాను. మునిగే కాయిల్ ఉన్న యంత్రంలో బుట్ట లేకుండా వేసేటప్పుడు గరిటె కాయిల్‌కు తగలకుండా చూసుకోవాలి, అది తప్ప ఇబ్బంది లేదు. పకోడీలూ కారప్పూసా బుట్ట లేకుండానే బాగా వస్తాయి. బూందీకి మాత్రం ఈ ఇరుకు గిన్నె పనికిరాదు, చిల్లుల చట్రం ఎత్తుగా పట్టి పిండి రాల్చడానికి వెడల్పాటి మూకుడే కావాలి. పూరీ గురించి చాలామంది అడుగుతున్నారు. 190 డిగ్రీల మీట ఉన్న యంత్రంలో చక్కగా పొంగుతుంది, కాకపోతే ఒక్కొక్కటే వేయాలి, వేయగానే గరిటె వెనకభాగంతో నూనెలోకి నొక్కాలి.

బుట్టకు ఒక గొప్ప ఉపయోగం ఉంది, దాన్ని వదులుకోకండి. వేగుతున్నంతసేపూ లోపలి నీరు ఆవిరై బయటికి తోసుకొస్తుంటుంది కాబట్టి నూనె లోపలికి పోవడం కష్టం. వంటకాన్ని బయటికి తీసిన తరువాత ఆవిరి చల్లబడి లోపల ఖాళీ ఏర్పడినప్పుడే పైన అంటిన నూనెలో ఎక్కువ భాగం లోపలికి లాక్కోబడుతుంది. కాబట్టి తీయగానే, వేడి తగ్గకముందే, నూనె ఓడనివ్వాలి. అప్పడాలు, వడియాలు, చెగోడీలు, ముక్కల వేపుళ్లు బుట్టతో ఎత్తి అక్కడికక్కడే రెండు మూడు సార్లు విదిలించి, అంచుకు తగిలించి అర నిమిషం ఉంచితే తేడా మీ వేళ్లకే తెలుస్తుంది.

ప్రశ్న: మీట 180 దగ్గర పెడితే జంతికలు పైన ఎర్రబడి లోపల మెత్తగా ఉంటున్నాయి. మరొక విషయం, బంగాళాదుంప చిప్స్ నల్లగా వస్తున్నాయి. దుంపలు తాజావే, ఫ్రిజ్‌లోనే ఉంచుతాను. (ఒక పాఠకుడు, నెల్లూరు)

జవాబు: జంతికలకు 180 ఎక్కువ, 160కి తగ్గించండి. జంతిక దళసరిగా ఉంటుంది, లోపలి తేమ నిదానంగా పోవాలి. నురుగు పూర్తిగా తగ్గి నూనె దాదాపు నిశ్చలంగా అయ్యేదాకా ఉంచి తీయాలి. మన పెద్దవాళ్లు నురుగు చూసే తీసేవారు, యంత్రం వచ్చినా ఆ గుర్తు మారలేదు.

అయితే మీ మీట నిజంగా 180 దగ్గరే ఆగుతోందో లేదో ముందు చూడండి. మొదటిసారి కాగేటప్పుడు చాలా యంత్రాలు మీట మీది అంకెను దాటి పోతాయి. కాయిల్ వేడెక్కుతోందని చూపే దీపం ఒకసారి ఆరగానే వేయకుండా, అది మళ్లీ వెలిగి మళ్లీ ఆరేదాకా ఆగితే వేడి నిలకడపడుతుంది. నా మొదటి ఫ్రయ్యర్ 180 అని చూపిస్తూ నిలకడపడ్డాక కూడా 205 దగ్గర నడిచేది. థర్మామీటరు ముంచి చూసేదాకా నా పిండిదే తప్పనుకున్నాను. పూర్తిగా శుద్ధి చేసిన వేరుశనగ నూనె ఆ వేడికి తట్టుకుంటుంది గాని, గానుగ నూనె 160 దాటేసరికే పొగ మొదలుపెడుతుంది. గానుగ నూనె వాడేవారు ఫ్రయ్యర్‌లో పోయకపోవడమే మంచిది.

చిప్స్ నల్లబడటానికి మీ ఫ్రిజ్ కారణం. చలిలో ఉంచిన దుంపలో పిండిపదార్థం కొంత చక్కెరగా మారుతుంది, ఆ చక్కెర వేడికి తొందరగా ముదురు రంగు తిరుగుతుంది. రంగు, రుచి మాత్రమే కాదు. దుంపలోని ఆ చక్కెరలూ ఆస్పరాజిన్ అనే అమైనో ఆమ్లమూ 120 డిగ్రీలు దాటిన వేడిలో కలిసి ఆక్రిలమైడ్ అనే హానికర పదార్థం ఏర్పడుతుంది; వేపిన దుంపల వంటి ఆహారాల్లో అది ఉంటుందని 2002లో స్వీడన్ శాస్త్రవేత్తలు బయటపెట్టారు. ఐరోపా సమాఖ్య 2017లో చేసిన నియమాల్లో దుంపల వేపుడుకు నూనె 175 డిగ్రీలు దాటకూడదని, దుంపలను 6 డిగ్రీలకు పైనే నిల్వ ఉంచాలని పెట్టింది. మీ దుంపలను వంటగదిలో చీకటి మూల బుట్టలో ఉంచండి, తరిగిన ముక్కలను అరగంట నీళ్లలో నానబెట్టి, బాగా తుడిచి, 165 నుంచి 170 మధ్య బంగారు రంగు రాగానే తీసేయండి. తడి ముక్కలు వేస్తే నూనె ఒక్కసారిగా పొంగి అంచు దాటుతుంది, అందుకని తుడవడంలో బద్ధకించవద్దు.

ప్రశ్న: వాడిన నూనె ఫ్రయ్యర్‌లోనే మూత పెట్టి ఉంచవచ్చా? ఎప్పుడు పారేయాలో ఎలా తెలుస్తుంది? (ఒక పాఠకురాలు, కర్నూలు)

జవాబు: ఉంచకూడదు. మూతకు పట్టిన ఆవిరి చల్లారాక నీటి బొట్లుగా నూనెలోకి దిగి అడుగుకు చేరుతుంది. మరుసటిసారి కాగినప్పుడు ఆ నీరు ఒక్క ఉదుటున ఆవిరై నూనెను పైకి ఎగజిమ్ముతుంది. చల్లారగానే వడగట్టి, స్టీలు డబ్బాలోకో ముదురు రంగు సీసాలోకో పోసి వెలుతురు తగలని చోట పెట్టండి. ఇత్తడి, రాగి, ఇనుప పాత్రలు వద్దు, ఆ లోహాలు తగిలితే నూనె త్వరగా చెడుతుంది. వీలైనంతవరకు ఆ నూనెను రెండు రోజుల్లో కూరలకు వాడేయండి.

నూనె పోసేటప్పుడు తీగలా చిక్కగా సాగుతుంటే, వంటకం తీసేసిన తరువాత కూడా నురుగు అణగకపోతే, 180 లోపే పొగ వస్తుంటే, వేళ్లకు బంకగా తగులుతుంటే ఇక దానికి కాలం తీరింది. సింకులో పోయకండి, గొట్టంలో గడ్డకట్టి మూసుకుపోతుంది. వాడేసిన వంటనూనెను సేకరించి బయోడీజిల్‌గా మార్చే రూకో అనే కార్యక్రమాన్ని ఆహార భద్రతా సంస్థ 2018 ఆగస్టులో మొదలుపెట్టింది. అది ముఖ్యంగా హోటళ్లకూ తయారీదారులకూ ఉద్దేశించినది. ఇంట్లో కొద్దిపాటి నూనె అయితే పాత కాగితాల్లోనో పొట్టులోనో ఇంకించి చెత్తలో వేయవచ్చు.

ప్రశ్న: ఎయిర్ ఫ్రయ్యర్ కొంటే నూనె సమస్యే ఉండదు కదా? (ఒక పాఠకుడు, హైదరాబాద్)

జవాబు: అది వేరే యంత్రం. వేడి గాలిని వేగంగా తిప్పే చిన్న ఓవెన్ అనుకోండి. దుంప ముక్కలకూ, ముందే వేగిన వాటిని మళ్లీ కరకరలాడించడానికీ బాగుంటుంది. జారే పిండితో చేసే గారె, బజ్జీ, పకోడీ అందులో రావు, పిండి నిలబడేలోపే బుట్ట కన్నాల్లోంచి కారిపోతుంది.

ప్రశ్న: మా ఇంట్లో నెయ్యితోనూ వనస్పతితోనూ వేపే అలవాటు ఉంది. ఫ్రయ్యర్‌లో వేయవచ్చా? మరొకటి, యంత్రం ఉన్నట్టుండి ఆగిపోయి మళ్లీ వెలగడం లేదు. (ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం)

జవాబు: గడ్డకట్టిన కొవ్వును కాయిల్ మీద వేసి స్విచ్చు వేయడం చాలా ప్రమాదం. కాయిల్‌ను తాకిన పొర కరిగి పక్కకు జారగానే అక్కడ ఖాళీ ఏర్పడుతుంది, ఆ చోట కాయిల్ ఎర్రగా కాలి కొవ్వు అంటుకుంటుంది. చలికాలంలో గడ్డకట్టిన కొబ్బరి నూనెకూ ఇదే వర్తిస్తుంది. విడిగా పొయ్యి మీద పూర్తిగా కరిగించి, కింది గీత దాటేలా పోశాకే స్విచ్చు వేయాలి. చల్లారి గడ్డకట్టేలోపు బయటికి తీసేయాలి కూడా. ఇంత జాగ్రత్త రోజూ కుదరదు కాబట్టి నెయ్యి వంటలు మూకుట్లోనే చేసుకోండి.

యంత్రం ఆగిపోవడానికి అతివేడి రక్షణ మీట కారణం కావచ్చు. నూనె కింది గీతకు తగ్గినా, కాయిల్‌కు మడ్డి పట్టినా అది తెగుతుంది. ప్లగ్గు తీసి, నూనె పూర్తిగా చల్లారాక, పెట్టె వెనక లేదా అడుగున ఉండే చిన్న రంధ్రంలోని మీటను సన్నని పుల్లతో నొక్కితే మళ్లీ పనిచేస్తుంది. కారణం సరిచేయకుండా నొక్కవద్దు, రెండోసారి కూడా తెగితే మెకానిక్‌కు చూపించండి. ఎప్పుడైనా నూనె అంటుకుంటే నీళ్లు పోయకండి, లీటరు నీరు ఆవిరైతే దాదాపు 1700 లీటర్ల జాగా ఆక్రమిస్తూ మండే నూనెను గదంతా చిమ్ముతుంది. గోడ దగ్గర స్విచ్చు ఆపి, అందుబాటులో ఉన్న పెద్ద లోహపు మూతనో పళ్లాన్నో పక్క నుంచి జరిపి కప్పి, పూర్తిగా చల్లారేదాకా తెరవకండి. ఆ మూతను ముందే ఫ్రయ్యర్ పక్కన పెట్టుకుని అప్పుడు నూనె పోయండి.